ఐదు దాకా నీది

క్రితం వారం మనం మాస్టర్‌ని ఎడిటింగ్ గది గుమ్మంలో, చేతిలో చల్లారిన టీ కప్పుతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం నుంచి అలాగే నిలబడి ఉంది. లోపల కుర్చీలో వాళ్ల అక్క కూర్చుని ఉంది. అక్క ఒళ్లో ఒక పాత వీడియో క్యాసెట్ ఉంది. "ఇది ఆడించే మిషన్ నీ దగ్గర ఉందా?" అని అక్క అడిగింది. సరిగ్గా అక్కడ ఆపాం.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. మన మాస్టర్ సినిమా పాటలకి డాన్సులు కూరుస్తుంది, వ్యాపార ప్రకటనలు డైరెక్ట్ చేస్తుంది. ఆ రంగంలో ఆడవాళ్లనైనా మగవాళ్లనైనా మాస్టర్ అనే పిలుస్తారు కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం. నలభై ఏళ్లొచ్చాక ఇప్పుడు మొదటిసారి తన సొంత ప్రదర్శన ఒకటి నెత్తికెత్తుకుంది. మూతపడిన ప్రింటింగ్ ప్రెస్ హాల్లో ఎనిమిది మంది మామూలు మనుషులు, అంటే ఒక టైలరు, ఒక బస్సు డ్రైవరు, ఇద్దరు నర్సులు, ఇలాంటివాళ్లు, నడుస్తారు, కూర్చుంటారు, లేస్తారు. పాట లేదు, వాయిద్యం లేదు. మధ్యలో కుర్చీ వేసుకుని మాస్టర్ ఒకటి నుంచి ఎనిమిది దాకా, మళ్లీ ఒకటి నుంచి, నలభై నిమిషాల పాటు గొంతెత్తి లెక్క చెప్పాలి. అంతే ప్రదర్శన.

చిక్కల్లా ఒక్కటే. ఆవిడ నోటికి ఐదు రాదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఆగిపోయి మిగతా నాలుగూ చప్పట్లు కొడుతుంది. పద్దెనిమిదేళ్లుగా ఇదే తంతు. సినిమావాళ్లు అది ఆవిడ స్టైల్ అనుకున్నారు. ఒక పత్రిక చప్పట్ల మాస్టర్ అని పెద్ద అక్షరాలతో వేసింది కూడా. చప్పట్లు వినపడనంత పెద్ద సెట్లలో అసిస్టెంట్ లెక్క చెబుతుంది. ఆ పిల్ల గొంతుకి మైకు అక్కర్లేదు, అందుకే యూనిట్ అంతా ఆమెని గంట అంటుంది. అసలు కారణం మాస్టర్‌కి, మనకి తప్ప ఎవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ల కిందట ఒక పాట రిహార్సల్లో, అప్పటికి తను కూడా అసిస్టెంటే, ఐదు అన్న మాట రెప్పపాటు ముందే నోరు జారిందనీ, ఆ మాట విని దూకబట్టే అక్క మోకాలు ముక్కలైందనీ ఆవిడ నమ్మకం. అక్క ఆ తర్వాత మళ్లీ గజ్జె కట్టలేదు.

ముల్లుని ముల్లుతోనే తీద్దామని ఈ ప్రదర్శన తలపెట్టింది మాస్టర్. ముల్లు ఇంకా లోపలికి దిగింది. రిహార్సల్స్ అన్నింటిలో గంటే లెక్క చెప్పింది. ఆ హాలుని ఇప్పుడు ఆర్ట్ గ్యాలరీగా నడిపే ఆవిడ మర్యాదస్తురాలే గానీ మొహమాటం ఎరగని మనిషి. కుర్చీలో కూర్చునేది మాస్టరే అయితేనే హాలు ఇస్తాననీ, ఈ రోజు నాలుగింటికి తన చెవులతో విని నిర్ణయిస్తాననీ, కుదరకపోతే శనివారం ఆ హాలు ఒక శిల్పికి వెళ్లిపోతుందనీ తేల్చి చెప్పేసింది. ఇప్పుడు మధ్యాహ్నం రెండున్నర అయింది. ఇంక మాస్టర్‌ని గుమ్మం దాటిద్దాం.

గదిలో తెర మీద ఒక బామ్మ పరుపు మీదకి దూకుతూ గాల్లో ఆగిపోయి ఉంది. అది మాస్టర్ తీసిన పరుపుల ప్రకటన. కంపెనీవాళ్లు బామ్మ ఇంకొంచెం ఎత్తు దూకాలని మూడు రోజులుగా ప్రాణం తీస్తున్నారు. బామ్మకి డెబ్బై నాలుగు, ఇంతకన్నా ఎత్తు దూకితే పరుపు కాదు, ఆసుపత్రి మంచం కావాలని ఎడిటర్ గొణుగుతున్నాడు. క్యాసెట్ చూడగానే అతని మొహం వెలిగింది. పాత సామాను పారేయమని ఎందరు మొత్తుకున్నా వినని మనిషి అతను. బల్ల కింద నుంచి దుప్పటి కప్పిన ఒక మిషన్ని బయటికి లాగి, దుమ్ము దులిపి, తన పిచ్చికి ఇన్నాళ్లకి పని దొరికిందన్నంత సంబరంగా వైర్లు తగిలించాడు.

మాస్టర్ పని ఉందంది. హాలుకి వెళ్లాలంది. బామ్మ సంగతి తేల్చాలంది. అక్క అన్నీ విని, పక్క కుర్చీ కాలితో ఇవతలికి లాగింది.

"కూర్చో చిన్నీ" అంది.

యూనిట్లో నూట యాభై మందిని ఒక్క కనుసైగతో నిలబెట్టే మాస్టర్ కూర్చుంది. అక్క ముందు ఎవరైనా చెల్లెలే.

ఈ ఇద్దరి మధ్యా మాటలు పోలేదు, తగ్గాయంతే. ఏడాదికి రెండు మూడు సార్లు చుట్టాల ఇళ్లలో కలుస్తారు. బాగున్నావా అంటే బాగున్నా అనుకుంటారు. ఎదురుగా ఉన్న పళ్లెంలోకి చూస్తూ తినేసి ఎవరి దారిన వాళ్లు పోతారు. అక్క ఇప్పుడు డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాళ్ల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల కింద ఇంకో బ్రేకు పెట్టుకుని, ఊరంతా తిప్పుతుంది. ఎక్కడ ఏ ప్రమాదం కనిపించినా కుడికాలు దానంతటదే నేలని తొక్కడం ఆవిడకి అలవాటైపోయింది.

ఒకప్పుడు మాత్రం ఆవిడ గ్రూపు డాన్సర్లలో ముందు వరసలో నట్టనడుమ నిలబడేది. ఆ చోటు అందానికి ఇవ్వరు, లెక్క తప్పని కాళ్లకి ఇస్తారు. అప్పట్లో అందరూ పెద్దమాస్టర్ అని పిలిచే డాన్స్ మాస్టర్ దగ్గరే ఇద్దరూ పనిచేశారు. ఆయన యూనిట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎత్తు మీద నుంచి దూకే అడుగు ఉంటే లెక్కని రెండు ముక్కలు చేసేవాడు. ఒకటి నుంచి ఐదు దాకా అసిస్టెంట్ చెప్పాలి, డాన్సర్ కాళ్ల మీద నుంచి చూపు తిప్పకుండా చెప్పాలి. ఐదుకి కాళ్లు లేస్తాయి. ఆరు నుంచి పెద్దమాస్టర్ తనే అందుకునేవాడు, కింద పరుపు పక్కన నిలబడి. గాల్లో ఉన్న మనిషి ఆ ఆరు విని మోకాళ్లు వంచుకుని దిగాలి. ఐదు దాకా నీది, ఆరు నుంచి నాది అని ప్రతి కొత్త అసిస్టెంట్‌కీ మొదటి రోజే చెప్పేవాడు. మిగతా మాస్టర్లు గొంతు చించుకుని అరిస్తే ఆయన మాత్రం ఆ ఆరుని పసిపాపని పక్కలో దించినంత మెల్లగా అనేవాడు. అయినా ఫ్లోరంతా వినపడేది.

ఎడిటర్ మీట నొక్కాడు. తెర మీద గీతలు గీతలుగా వచ్చి, ఆ గీతల వెనక నుంచి ఒక స్టూడియో ఫ్లోర్ కనిపించింది. ఎత్తైన చెక్క వేదిక, దాని మీద ఇరవై ఆరేళ్ల అక్క, కింద ఒక పక్కగా ఇరవై రెండేళ్ల చెల్లెలు. ఆ పాట స్లో మోషన్లో తీయాలి కాబట్టి రెట్టింపు వేగంతో వేసేవాళ్లు, డాన్సర్లు కూడా ఆ వేగంతోనే ఆడాలి. పాట గిలగిలా కొట్టుకుంటోంది. దాని మీద ఒక సన్నటి గొంతు ఒకటి రెండు మూడు అంటూ పరిగెత్తింది.

మాస్టర్ కళ్లు మూసుకుంది. చెవులు మూసుకోవడానికి టైం సరిపోలేదు. నాలుగు, ఐదు, ఆ వెంటనే నేల మీద మనిషి పడిన చప్పుడు, ఎవరిదో కేక. పక్కన అక్క కుడికాలు నేలని గట్టిగా తొక్కింది.

ఎడిటర్‌కి వీళ్ల కథ ఏమీ తెలియదు. తెర మీద ఉన్నది ఈ ఇద్దరే అని కూడా అతను పోల్చుకోలేదు. అతనికి అది ఒక షాటు, అంతే. అక్క మెల్లగా ఆడించమంటే వెనక్కి తిప్పి ఒక్కో ఫ్రేము జరపడం మొదలుపెట్టాడు. పక్క తెర మీద శబ్దం గీతలుగా పరిచి పెట్టుకున్నాడు. కాసేపు ముందుకీ వెనక్కీ తిప్పి, గొంతు సవరించుకుని తన తీర్పు చెప్పాడు.

"లెక్క బీట్ మీదే ఉంది మాస్టర్, వెంట్రుక వాసి తేడా లేదు. తప్పు డాన్సర్‌ది. ఐదు పడడానికి ఏడు ఫ్రేముల ముందే కాళ్లు లేచిపోయాయి. నాలుగుకే దూకేసింది."

మాస్టర్ కళ్లు తెరిచింది.  మళ్లీ వేయమంది. మళ్లీ వేశాడు. మూడోసారి వేయమంది. మూడుసార్లూ అక్క పాదాలు నాలుగుకే చెక్క వదిలేశాయి. ఐదు అన్న మాట వచ్చేసరికి మనిషి గాల్లో ఉంది.

డాన్సర్లకి తొందరెక్కువ మేడం అని ఎడిటర్ అక్కకి సర్దిచెప్పబోయాడు. అవును బాబూ, ఆ డాన్సర్‌ని నేనే అంది అక్క. అతని నోట్లో వెలక్కాయ పడింది. టీ తెస్తానని చెప్పి, ఎన్ని కప్పులో అడక్కుండానే బయటపడ్డాడు.

తలుపు మూసుకుంది. ముందు అక్కే మాట్లాడింది. నాన్చలేదు. ఆ రోజు పొద్దున్నే మోకాలు వాచిందట. అంతకు ముందు వారం ఇంకో పాటలో బెణికితే ఎవరికీ చెప్పకుండా గట్టిగా కట్టు కట్టి, పైన రెండు జతల మేజోళ్లు తొడిగిందట. చెబితే ముందు వరసలోంచి తీసేస్తారని భయం. వేదిక ఎక్కాక ఇంకో భయం పట్టుకుంది.

"ఐదు దాకా ఆగితే ధైర్యం చాలక ఆగిపోతానేమో అనిపించింది. అందుకని నాలుగుకే దూకేశాను. అంతే, చిన్నీ. ఇంకే రహస్యమూ లేదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలుసనుకున్నాను. నా కాళ్ల మీంచి చూపు తిప్పకుండా ఉండాల్సింది నువ్వే కదా. నేను ముందే లేచానని లోకంలో ఎవరికి తెలిసినా తెలియకపోయినా నీకు తెలియాలి."

కింద పడిన మరుక్షణం యూనిట్లో ఎవరో ఐదు ముందే పడింది అన్నారు. ఆ మాట నోటినోటికీ పాకి ఆసుపత్రి మంచం దాకా వచ్చింది. చెల్లెలు కాదనలేదు. నోరు మెదపలేదు. అక్క పరువు పోకుండా, లెక్క తప్పని డాన్సర్ అన్న పేరు చెడకుండా చిన్నది నింద నెత్తిన వేసుకుందని అక్క అనుకుంది. అంత పెద్ద మనసు చూపించిన చెల్లెలి మొహం చూడాలంటే ఆవిడకి సిగ్గేసింది. ఒక నెల అయ్యాక చెబుదామనుకుంది. నెల ఏడాదైంది. ఆలస్యమైనకొద్దీ నోరు తెరవడం ఇంకా కష్టమైపోయింది.

ఇక్కడ మన మాస్టర్‌కి కోపం వచ్చింది. రావాలి కదా మరి. పద్దెనిమిదేళ్లు చప్పట్లు కొట్టి కొట్టి అరచేతులు కాయలు కాచిన మనిషి. ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేదంది. నీ దగ్గరా ఫోన్ ఉందిగా అంది అక్క. నేను తప్పు చేశాననుకున్నాను, తప్పు చేసినదాన్ని ఏ మొహం పెట్టుకుని చేస్తానంది మాస్టర్. నేనూ అదే కదా చెబుతున్నది అంది అక్క. ఇద్దరికీ ఇంకా మాటలు మిగిలే ఉన్నాయి గానీ, అవి ఒకరివొకరు అప్పజెబుతున్నట్టే ఉన్నాయని ఇద్దరికీ ఒకేసారి తట్టి ఊరుకున్నారు.

అక్క లేచి, కుంటుకుంటూ తెర దగ్గరికి వెళ్లింది. ఈ క్యాసెట్ నిన్న, పాత క్యాసెట్లు ఆడించిపెట్టే దుకాణంలో వేయించి చూశానంది. నేను నాలుగుకే దూకానని చూడ్డానికి ఇంత దూరం రాలేదు, అది నాకు ముందే తెలుసు, నేను వచ్చింది దీని కోసం అంటూ తెర మీద ఒక మూల వేలు పెట్టింది.

"ఇదుగో, ఐదు దగ్గర నీ మొహం చూడు."

మాస్టర్ దగ్గరికి వచ్చి చూసింది. ఆ మూలన ఇరవై రెండేళ్ల పిల్ల రెండు పిడికిళ్లూ బిగించి, చేదు మందు తాగబోతున్న పిల్లలా కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఐదు అంటున్న నోరు మాత్రం తెరుచుకుని ఉంది.

కాళ్ల మీద నుంచి చూపు తిప్పకూడదన్నది ఆ ఉద్యోగానికి మొదటి నియమం, చివరి నియమం కూడా. మాస్టర్ తల వంచుకుంది. వేరేవాళ్లు దూకితే చూడగలిగేదాన్ననీ, అక్క దూకుతుంటే మాత్రం ఎప్పుడూ చూడలేకపోయాననీ, ఐదు అనగానే కళ్లు మూసుకుని, ఆరు విన్నాక తెరిచేదాన్ననీ చెప్పింది. అలా ఎన్ని పాటలకి చేశావని అక్క అడిగింది. అన్నింటికీ అంది. ఆ రోజు కళ్లు మూసుకునే ఉండగా చప్పుడు వినపడింది. తెరిచేసరికి అక్క నేల మీద ఉంది. చుట్టూ అందరూ ఐదు ముందే పడిందంటున్నారు. కళ్లు మూసుకున్నదానికి కాదనడానికి సాక్ష్యమేముంది? నిజమే అనుకుంది. అప్పటి నుంచీ ఇప్పటిదాకా నిజమే అనుకుంటూ వచ్చింది.

అక్క తెర వైపు తిరిగింది. తిడుతుందనుకుంది మాస్టర్. అక్క భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుంది. తీరా చూస్తే నవ్వుతోంది.

"ఇంత పిరికిదానివి ఈ పనిలోకి ఎందుకొచ్చావే?"

"నువ్వున్నావని వచ్చాను."

ఆ మాటకి అక్క నవ్వు ఆగిపోయింది. చెల్లెలి తల పట్టుకుని తన భుజానికి ఆనించుకుంది. మాస్టర్ ఏడ్చింది. ముక్కు చీదుకుంటూ, వెక్కుతూ, చిన్నప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. దుఃఖం కాదది, ఇన్నేళ్లూ గుండెల మీద కూర్చున్న బండరాయిని ఎవరో లేపి అవతల పెట్టారు, ఆ తేలిక తట్టుకోలేక ఏడ్చింది. అక్క మోకాలు తన వల్ల విరగలేదు. అక్క తనని ద్వేషించలేదు. ఈ రెండు సంగతులూ మనసులో మళ్లీ మళ్లీ చెప్పుకుంటే ప్రతిసారీ కొత్తగానే ఉన్నాయి. కళ్లు మూసుకున్న తప్పు తప్పే, అది తనదే. కానీ ఆ తప్పు మోయగలిగినంత బరువే ఉంది.

ఏడుపు అయ్యాక ఆవిడకి విపరీతంగా ఆకలేసింది. ఎడిటర్ తన కోసం దాచుకున్న బన్నులు రెండూ అడగకుండా తినేసింది. అతను మూడు టీలతో వచ్చి, బన్నుల ఖాళీ కాగితం చూసి, ఇద్దరి ఎర్రటి కళ్లు చూసి, ఈ గదిలో తనకి అర్థమయ్యేది పరుపు ఒక్కటే అనుకుని బామ్మ ముందు కూర్చున్నాడు. కూర్చుంటూనే క్యాసెట్ బయటికి తీసి అక్క చేతిలో పెడుతూ ఒక మాట అన్నాడు. ఐదు తర్వాత లెక్క ఎవరూ చెప్పలేదేమిటి, చప్పుడు దాకా ఖాళీగా ఉంది అన్నాడు. ఆరు నుంచి నాది కాదంది మాస్టర్, అలవాటుగా. ఆ మాట అక్కడితో పోయేదే, ఈలోగా గంట ఫోన్ చేసింది. గ్యాలరీ ఆవిడ అప్పుడే వచ్చి కూర్చుందనీ, గడియారం తీసి బల్ల మీద పెట్టుకుందనీ, తనకి చెమటలు పడుతున్నాయనీ చెప్పింది.

అక్క కారులో బయల్దేరారు. నెత్తిన డ్రైవింగ్ స్కూల్ బోర్డు ఉన్న కారది. మాస్టర్ పక్క సీట్లో కూర్చుంటే కాళ్ల కింద బ్రేకు తగిలింది. దాన్ని తొక్కావంటే దింపేస్తానని అక్క ముందే హెచ్చరించింది. అక్క క్లచ్ తొక్కినప్పుడల్లా ఎడమ మోకాలు టక్కుమంటోంది. ఆ చప్పుడు ఇంత దగ్గరగా, ఇన్నిసార్లు మాస్టర్ ఎప్పుడూ వినలేదు. మొదట్లో ప్రతి టక్కుకీ ఉలిక్కిపడింది. మూడో సిగ్నల్ దాటేసరికి అది ఉత్త చప్పుడైపోయింది.

అక్క మనసు కూడా తేలికపడింది కాబోలు, పాత యూనిట్ కబుర్లు ఎత్తుకుంది. వంతెన దాటుతుండగా మామూలుగా అడిగింది.

"ఇంతకీ ఇన్నాళ్లూ దాచుకుని ఇప్పుడెందుకు పంపావు దీన్ని?"

"నేనా? నేను పంపలేదు. నీ దగ్గరే ఉందనుకున్నాను."

కారు నెమ్మదించింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. పది రోజుల కిందట పోస్టులో వచ్చిందనీ, పంపినవాళ్ల పేరు లేదనీ, చెల్లెలే పంపింది కాబోలు, మాట కలపడానికి ఇదో దారి కాబోలు అనుకుని ఈ రోజు ఇలా ధైర్యం చేసి వచ్చాననీ అంది అక్క. మాస్టర్ క్యాసెట్ చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అట్ట మీద రిహార్సల్ మూడు అని రాసి ఉంది. ఆకుపచ్చ సిరా. ఆ సిరాతో రాసే మనిషి ఆ యూనిట్లో ఒక్కడే ఉండేవాడు. లెక్కలన్నీ, అడుగులన్నీ, ఎవరు ఎక్కడ నిలబడాలో అన్నీ ఆకుపచ్చగానే రాసేవాడు పెద్దమాస్టర్. అక్క పడిన వారానికే ఆయన రంగం వదిలేసి వెళ్లిపోయాడు. ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో కూడా ఎవరికీ తెలియలేదు.

"చిన్నీ," అంది అక్క, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా. "గాల్లో ఉన్నప్పుడు ఆరు కోసం చూశాను. నేను ముందే లేచాను కాబట్టి అది ఇంకా పడలేదేమో, వస్తుందిలే అనుకున్నాను. రాలేదు."

 మాస్టర్ కూడా ఆ రోజు కళ్లు మూసుకుని ఆ ఆరు కోసమే ఎదురుచూసింది. కారు ప్రెస్ గేటు లోపలికి తిరిగింది.

హాల్లో సిరా మరకలు ఇంకా నేలలో ఇంకిపోయి ఉన్నాయి. పెద్ద మిషన్లు పీకేశాక వాటి సిమెంటు దిమ్మలు మాత్రం మిగిలాయి. టైలరు, డ్రైవరు, నర్సులు, మిగతావాళ్లు సుద్దగీతల దగ్గర నిలబడి ఉన్నారు. గంట గోళ్లు కొరుక్కుంటోంది. గ్యాలరీ ఆవిడ బల్ల మీద గడియారం నాలుగుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మాస్టర్ ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి కుర్చీలో కూర్చుంది. మొదలుపెట్టింది. ఒకటి అంటే ఎనిమిది మందీ అడుగు వేశారు. రెండు. మూడు. నాలుగు. చేతులు వాటంతటవే చప్పట్లకి లేచాయి. ఆవిడ వాటిని వెనక్కి లాగి తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

ఐదు అంది.

గొంతు బొంగురుపోయింది. అంత గొప్పగా ఏమీ లేదు. గొంతులో జలుబు చేసిన మనిషి అన్నట్టు ఉంది. టైలరు ఆశ్చర్యంతో కూర్చోవాల్సిన చోట నిలబడిపోయాడు. ఆవిడ మాత్రం ఆగలేదు. ఆరు, ఏడు, ఎనిమిది అంది. మళ్లీ ఒకటికి వచ్చింది. రెండోసారి ఐదు కొంచెం నయం. నాలుగోసారికి అది నాలుగు తర్వాత వచ్చే అంకె, అంతే. గంట తన గంట గొంతుతో ఏడ్చేసి, నా ఉద్యోగం పోయినట్టేనా మాస్టర్ అంది. ఆ హాల్లో అందరూ నవ్వారు. గ్యాలరీ ఆవిడ గడియారం తీసి చేతికి పెట్టుకుంది. శనివారం మీదే అంది, శిల్పికి తను చెప్పుకుంటానంది. మాస్టర్ ఊపిరి పీల్చుకుంది. కడుపు నిండా, తీరిగ్గా పీల్చుకుంది.

ఇంటికి పోదామనే అనుకున్నారు. అక్క మాత్రం చెప్పులు విప్పుతోంది. విప్పి, పక్కన జతగా పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి, గోడ వారగా ఉన్న సిమెంటు దిమ్మ ఎక్కింది. అడుగున్నర ఎత్తు ఉంటుందేమో. నర్సుల్లో ఒకామె సాయానికి రాబోతే వద్దంది.

"దూకను, భయపడకు. దిగుతాను. ఐదుకి దిగుతాను. నువ్వు చెప్పు."

కుర్చీలో కూర్చుని చెప్పడం వేరు, ఇది వేరు. అసలు పరీక్ష ఇదేనని మాస్టర్‌కి అర్థమైంది. లేచి, పద్దెనిమిదేళ్ల కిందట నిలబడిన దూరంలోనే నిలబడింది. అక్క పాదాల మీద చూపు నిలిపింది. కాలి వేళ్లు సిమెంటు అంచుని పట్టుకుని ఉన్నాయి. ఎడమ మోకాలి మీద పాత కుట్టు తెల్లగా కనిపిస్తోంది. ఒకటి అంది. రెప్ప వేయలేదు. రెండు. మూడు. నాలుగు అన్నప్పుడు అక్క పాదం కదలలేదు, ఆగింది. ఈసారి ఆగింది.

"ఐదు" అంది మాస్టర్.

కళ్లు మూసుకోలేదు. కంట్లో నీళ్లు తిరిగినా మూసుకోలేదు. అక్క పాదం అంచు వదిలింది. ఒంట్లో బరువంతా నేల వైపు వంగింది. అదంతా మొదటిసారి చూస్తున్న మాస్టర్ తర్వాతి అంకె మరిచిపోయింది.

"ఆరు."

అది హాలు తలుపు వైపు నుంచి వచ్చింది. ముసలి గొంతు, వణుకుతోంది. పసిపాపని పక్కలో దించినంత మెల్లగా ఉంది. హాలంతా వినపడింది. అక్క మోకాళ్లు వాటంతటవే వంగాయి, రెండు పాదాలూ నేలకి ఆనాయి. అక్కచెల్లెళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ, తలుపు వైపు తిరిగే ధైర్యం ఇద్దరిలో ఎవరికీ చాలలేదు.